కాసు అన్న ఒక్క మాట వెనుక

చిరంజీవికి ఆశీస్సులు.

మీ కథలో పేద విధవరాలు దేవాలయానికి వెళ్తూ పిచ్చుకలు అమ్మేవాడి దగ్గర ఆగి, చేతిలోని రెండు కాసులకు నాలుగు పిచ్చుకలు వస్తాయని లెక్క వేసుకుని, అయినా గుప్పిట మూసుకుని ముందుకు నడిచిన చోట నా చదువు ఆగిపోయింది. ఆ గుప్పిట బాగుంది. లెక్క మాత్రం తప్పు, ఆ తప్పు కథ బలాన్నే తినేసింది.

రెండు పిచ్చుకలు కాసుకు అమ్ముతారన్న మత్తయి సువార్త మాటనూ, మార్కు సువార్తలో పేద విధవరాలు దేవాలయపు కానుకపెట్టెలో వేసిన రెండు కాసులనూ కలిపి మీరు హెచ్చవేశారు. తెలుగు బైబిలులో రెండు చోట్లా కాసు అనే ఉంది కాబట్టి ఎవరైనా అలాగే చేస్తారు. కానీ గ్రీకు మూలంలో అవి వేర్వేరు నాణేలు. పిచ్చుకల ధర చెప్పింది అస్సారియన్‌లో, అంటే రోమనుల 'అస్' అనే రాగి నాణెంలో. విధవరాలు వేసినవి లెప్టాన్లు, అన్నిటికన్నా చిన్న నాణేలు. రెండు లెప్టాన్లు ఒక క్వాడ్రాన్స్ అని మార్కే వివరించాడు. నాలుగు క్వాడ్రాన్సులు ఒక అస్, నాలుగు అస్సులు ఒక సెస్టెర్టియస్, నాలుగు సెస్టెర్టియస్‌లు ఒక దేనారము అనే వెండి నాణెం. అంటే దేనారానికి 16 అస్సులు, 128 లెప్టాన్లు. ఇప్పుడు మళ్ళీ లెక్కకట్టండి. ఒక్క పిచ్చుక ధర నాలుగు లెప్టాన్లు. ఆమె దగ్గర ఉన్నవి రెండే. అయిదు పిచ్చుకలు రెండు అస్సులకని లూకా చెప్పిన చవక బేరంలోనూ ఒక్కొక్కటి మూడు లెప్టాన్లకు పైనే పడుతుంది.

ఈ తప్పు నేనూ చేశాను. దేనారం లాటిన్ పేరులోనే పది ఉంది కదా అని తొలి కథలో దానికి పది అస్సులే కట్టాను. గ్రీకు చదివిన ఒక వృద్ధ పాదిరి నన్ను కూర్చోబెట్టి, క్రీ.పూ. 140 ప్రాంతంలోనే ఆ మారకం పదహారుకు మారిందనీ, యేసు కాలానికి పది లెక్క ఎప్పుడో పోయిందనీ చెప్పారు.

ఇక 'నేటి విలువలో అయిదు రూపాయలు' అన్న వాక్యాన్ని కొట్టివేయండి. పాత నాణేన్ని ఆ కాలపు పనితోనూ తిండితోనూ మాత్రమే కొలవాలని నలభై ఏళ్ళుగా వాదిస్తున్నాను. 1983లో ఒక వారపత్రిక సంపాదకుడు నన్ను అడగకుండానే నా కథలో 'సుమారు ముప్పై పైసలు' అని చేర్చాడు. అది సంపుటిగా వచ్చేనాటికి ఆ డబ్బుకు అగ్గిపెట్టె కూడా రాలేదు. పాఠకుడికి అర్థం కాదని సంపాదకులు ఇప్పటికీ అదే పని చేస్తున్నారు. ఆ కోపం నాకు ఇంకా చల్లారలేదు. యేసు చెప్పిన ఉపమానంలో ద్రాక్షతోట కూలివాడికి రోజుకు ఒక దేనారం. పొద్దు పొడిచింది మొదలు పొద్దు కుంకేదాకా పన్నెండు గంటల పని అనుకుంటే, విధవరాలి కానుక అందులో పదకొండు నిమిషాల కూలి. ఇది ఏ కాలం పాఠకుడికైనా అందుతుంది. బేతనియలో యేసు తలమీద పోసిన అత్తరు ఖరీదు మున్నూరు దేనారాల పైచిలుకు, అంటే వారానికో విశ్రాంతి దినమైన సబ్బాతులు తీసేస్తే ఏడాది కూలి.

ప్రచురణ సంగతీ, శైలి సంగతీ మరో ఉత్తరంలో రాస్తాను. ముందు ఆ సన్నివేశం తిరగరాయండి. ఆమెను పిచ్చుకల దగ్గర ఆపకండి. దారిన పోయే ప్రతివారినీ కేకేసి పిలిచే ఆ పిచ్చుకలవాడు, ఆమె గుప్పిట చూసి, పిలవకుండా ఊరుకోనివ్వండి.