ముంబై తాజ్ హోటల్ ముందా వెనకా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ముంబై అపోలో బందర్‌లోని తాజ్‌మహల్ ప్యాలెస్ హోటల్ గురించే. ఒకేలా ఉన్నవాటిని కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: ప్లాన్ కాగితం తిరగేసి పట్టుకుని తాజ్ హోటల్ కట్టేశారనీ, అది చూసి ఆర్కిటెక్ట్ ఆత్మహత్య చేసుకున్నాడనీ గైడు చెప్పాడు. నిజమేనా? (ఏలూరు పాఠకుడు)

నిజం కాదు. కాకపోతే ఈ కథకు చావు లేదు, ఎన్నిసార్లు ఖండించినా మళ్లీ లేస్తుంది. కథలో ఆర్కిటెక్ట్ ఎక్కడో విదేశంలో కూర్చుని ప్లాన్ పంపుతాడు. అసలు డిజైన్ గీసింది సీతారామ్ ఖండేరావ్ వైద్య, డి.ఎన్. మీర్జా అనే ఇద్దరు భారతీయులు. పని పూర్తి చేయించింది డబ్ల్యూ.ఎ. చాంబర్స్ అనే ఇంగ్లిష్ ఇంజినీరు. కట్టిన కాంట్రాక్టరు సొరాబ్జీ రతన్‌జీ. డబ్బు జంషెడ్జీ టాటాది. ఏళ్ల తరబడి సాగిన పనిలో వాకిలి ఎటు వస్తోందో ఇంతమందిలో ఒక్కరూ చూసుకోలేదంటే ఎలా నమ్ముతాం?

అనుమానం రావడానికి మాత్రం కారణముంది. పైనుంచి చూస్తే పాత భవనం ఇంగ్లిష్ 'యు' అక్షరంలా ఉంటుంది. దాని రెండు చేతులూ పడమటికి, అంటే ఊరివైపు చాచి ఉంటాయి. పొడవాటి వీపు తూర్పున సముద్రంవైపు. 1903 డిసెంబర్ 16న హోటల్ తెరిచినప్పుడు అతిథుల బగ్గీలు ఊరివైపు నుంచి వచ్చి ఆ రెండు చేతుల మధ్య ఆగేవి. ఇప్పుడు అక్కడ స్విమ్మింగ్ పూల్ ఉంది. గుర్రాల రొద, పెట్టెల మోత అంతా అటే ఉండిపోయేది. హార్బర్ గాలి, నీళ్లు కనిపించే కిటికీలు గదులకు దక్కేవి. హోటల్‌కు ఇంతకంటే తెలివైన ప్లాన్ ఏముంటుంది?

ఇంకో మాట. ఇప్పుడు ఎదురుగా కనిపించే గేట్‌వే ఆఫ్ ఇండియా అప్పటికి లేనే లేదు. దాని ప్రారంభోత్సవం జరిగింది 1924లో. ఆ తర్వాత జనం రాకపోకలు అటు మళ్లాయి. హోటల్ వాకిలి కూడా సముద్రంవైపు మారింది. గేట్‌వే దగ్గర నిలబడి చూసేవాళ్లకు ఇదే అసలు ముఖం అనిపిస్తుంది, కథ అక్కడే పుట్టింది.

ప్రశ్న: బొంబాయిలో తెల్లవాళ్ల కోసమే నడిచిన వాట్సన్స్ హోటల్‌లోకి రానివ్వలేదన్న కోపంతోనే జంషెడ్జీ తాజ్ కట్టారా? (నెల్లూరు)

వినడానికి బాగుంటుంది గానీ గట్టి ఆధారం లేదు. 1896లో ప్లేగు వచ్చి బొంబాయి పేరు బాగా దెబ్బతింది. ఊరికి మళ్లీ మనుషుల్ని రప్పించే స్థాయి హోటల్ కావాలన్న ఆలోచన ఆ పరిస్థితుల్లో సహజం. వాట్సన్స్ విషయానికొస్తే, అది పోత ఇనుము చట్రం మీద నిలిచిన కట్టడం. భాగాలను ఇంగ్లండ్‌లో పోతపోసి, ఓడల్లో తెచ్చి, 1860ల చివర్లో ఇక్కడ బిగించారు. 1896 జులై 7న ఫ్రాన్స్‌కు చెందిన లూమియేర్ సోదరుల సినిమాలు ప్రదర్శించింది అక్కడే. చాలాకాలం పట్టించుకోక వదిలేయడంతో 2005లో ముందువైపు కొంత భాగం కూలింది.

ప్రశ్న: తాజ్ గుమ్మటం కింది మెట్లకు ఆధారం కనిపించదు. గాలిలో ఎలా నిలుస్తాయి? (హనుమకొండ, సివిల్ డిప్లొమా విద్యార్థిని)

ఇలాంటి మెట్లను ఒకవైపు మాత్రమే గోడలోకి దిగేస్తారు. రెండో కొస ఖాళీగా వదిలేస్తారు. గోడలోకి వెళ్లే భాగం సాధారణంగా నాలుగు నుంచి ఆరు అంగుళాలు. అంత చిన్న పట్టుతో మెట్టు గోడ నుంచి దూలంలా పొడుచుకొచ్చి బరువు మోస్తుందనుకుంటే పొరపాటు. ప్రతి మెట్టూ ముందు అంచు దగ్గర కింది మెట్టు మీద ఆనుతుంది. మనిషి అడుగు వేయగానే మెట్టు మెలితిరగబోతుంది. కింది మెట్టు, గోడ పట్టు కలిసి దాన్ని ఆపుతాయి. బరువు అలా మెట్టు మీదుగా మెట్టు దిగి ల్యాండింగ్‌కు చేరుతుంది.

అందుకే ఇలాంటి మెట్ల వరసలో మధ్యది ఒకటి పగిలితే పైవన్నీ ప్రమాదంలో పడతాయి. మరమ్మతు చేసేటప్పుడు ముందు కింద చెక్క ఆసరాలు పెట్టాలి. మెట్టు కొసకు దగ్గరగా రెయిలింగ్ కోసం కొత్త రంధ్రాలు వేయడం, గోడలో పట్టు ఉన్నచోట కరెంటు పైపులకు గాడి తీయడం, ఈ రెండూ చేయకూడని పనులు. పాత బంగళాల్లో ఎక్కువగా చేసేదీ అదే.

ప్రశ్న: 1903లో తాజ్‌లో ఏసీ ఉండేదా? (తెనాలి)

లేదు. అమెరికన్ ఫ్యాన్లు, జర్మన్ లిఫ్టులు, టర్కిష్ స్నానాలు, కరెంటు దీపాలు ఉండేవి. మొదట్లో గది అద్దె 10 రూపాయలు, ఫ్యాను, సొంత బాత్రూం ఉంటే 13. మొదటి ప్రపంచయుద్ధంలో దీన్నే 600 పడకల ఆసుపత్రిగా మార్చారు. పక్కనున్న ఎత్తైన టవర్ 1970ల నాటిది, ఆ పాత వైభవంలో దానికి వాటా లేదు. ఫొటోల్లో రెంటినీ కలిపి 'వందేళ్ల కట్టడం' అని రాసేవాళ్లు గమనించాలి.

ప్రశ్న: సముద్రం ఒడ్డున ఇలాంటి కట్టడాలు ఉప్పుగాలికి ఎలా తట్టుకుంటాయి? మాదీ పాత సున్నపు గోడల ఇల్లే, సిమెంటు పూయించమంటున్నారు. (కాకినాడ)

సిమెంటు వద్దు. పాత రాయి, ఇటుక, గానుగ సున్నం కలిసిన గోడ చెమ్మను పీల్చుకుని మళ్లీ బయటికి వదులుతుంది. సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. లోపల చిక్కిన తేమతోపాటు ఉప్పు కూడా ఉండిపోయి, ఆరేటప్పుడు స్ఫటికాలుగా గట్టిపడుతుంది. ఆ ఒత్తిడికి రాయి పొరలు పొరలుగా లేస్తుంది, ఇటుక పిండిలా రాలుతుంది. ఏడాది తిరక్కుండానే సిమెంటు పెచ్చులూడితే మేస్త్రీ 'మరికాస్త గట్టి పాళ్లు' అంటాడు. దాంతో ఇంకా చెడుతుంది.

చేయాల్సింది ఇది. నిమ్ము ఎక్కడినుంచి వస్తోందో ముందు ఆపండి. గోడ మీద తెల్లగా పూసిన ఉప్పును పొడి బ్రష్షుతో దులిపి తీసేయండి, నీళ్లతో కడిగితే మళ్లీ లోపలికే పోతుంది. ఉప్పు లోతుగా దిగితే కాగితపు గుజ్జును డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి గోడకు పట్టించి, పూర్తిగా ఆరాక ఒలిచేయాలి. ఒకసారితో తెమలదు, మళ్లీ మళ్లీ చేయాలి. తర్వాత ఒక పాలు సున్నం, మూడు పాళ్లు ఉప్పులేని ఇసుక కలిపి పూయించండి. ఒక్కో పూత అర అంగుళం దాటకూడదు. ఎండ నేరుగా తగలకుండా తడి గోనెలు వేలాడదీయండి, సున్నం నెమ్మదిగా గట్టిపడేదే. తొందరపడితే నెర్రెలిస్తుంది.

గోడలో ఇనుప దూలాలు ఉంటే వాటిని ముందు ఇంజినీరుకు చూపించండి. తుప్పు పట్టిన ఇనుము అసలు పరిమాణానికి ఎన్నో రెట్లు ఉబ్బి చుట్టూ ఉన్న రాతిని చీలుస్తుంది. పైన పూత ఎంత బాగున్నా లాభం లేదు.

ప్రశ్న: తాజ్ బొమ్మను మా టీషర్టుల మీద ముద్రించి అమ్ముకోవచ్చా? (విశాఖపట్నం)

అడక్కుండా వద్దు. ఆ భవనం రూపానికి 2017లో ట్రేడ్‌మార్క్ వచ్చింది. మన దేశంలో ఇలా ట్రేడ్‌మార్క్ దక్కిన మొదటి భవనం అదే. మీరు తీసుకున్న ఫొటో మీ ఆల్బంలో ఉంటే ఎవరూ ఏమీ అనరు, సరుకు మీద వేసి అమ్మాలంటే మాత్రం ముందే యాజమాన్యం దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.