ఉప్పుతో మొదలుపెట్టు

అమ్మలూ,

మూడు, నాలుగు తరగతుల పిల్లలకి స్వాతంత్ర్య పోరాటం చెప్పాలి, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టను పెద్దమ్మా అని అడిగావు. ఫోన్లోనే చెబుదామనుకున్నాను గానీ నువ్వు బస్సులో ఉన్నావు, నా మాట సగం హారన్లలో పోయింది. అందుకే రాస్తున్నా.

1857తో మాత్రం మొదలుపెట్టకు. సిపాయిలు, తూటాలు, కంపెనీ పాలన... ఎనిమిదేళ్ళ పిల్లలకి ఇవి నోటికొస్తాయి గానీ బుర్రకెక్కవు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అలాగే చెప్పాను. తేదీలు గడగడా అప్పజెప్పేవాళ్ళు, నేను మురిసిపోయేదాన్ని. ఓ రోజు వెనక వరసలోంచి ఒకడు లేచి, "తెల్లోళ్ళు మన దగ్గర ఏం తీసుకున్నారు టీచర్?" అన్నాడు. "స్వాతంత్ర్యం" అన్నాను. "అంటే?" అన్నాడు. ఏదో చెప్పాను. వాడు కూర్చున్నాడు గానీ, నేను చెప్పింది నాకే అర్థం కాలేదు.

మర్నాడు ఉప్పు తీసుకెళ్ళాను. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏటా అదే ఆట. బల్లమీద పళ్ళెంలో రాళ్ళుప్పు పొయ్యి. ఒక్కొక్కరికీ పది చింతగింజలు ఇవ్వు. ఒకణ్ణి దొరగా నీ కుర్చీలో కూర్చోబెట్టు. చిటికెడు ఉప్పు కావాలంటే దొరకి రెండు గింజలు కట్టాలి. సొంతంగా ఉప్పు చేసుకున్నవాడు దొరికితే ఉన్న గింజలన్నీ పోతాయి. మొదట నవ్వులే. గింజలు సగానికి వచ్చేసరికి గొణుగుడు మొదలవుతుంది. తొందరపడి నువ్వు నోరు విప్పకు. ఎవరో ఒకరు అడిగి తీరతారు. సముద్రం ఒడ్డు ఊళ్ళో పనిచేసినప్పుడు ఒక పిల్ల లేచి, నడుం మీద చెయ్యేసుకుని, "సముద్రం నీదా? ఎండబెట్టింది మా అయ్య. మజ్జెన నీకెందుకు గింజలు?" అని దొరని నిలదీసింది. దొర వేషం వేసినవాడికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి పాపం.

ఆట అక్కడ ఆపి, దండి కథ ఎత్తుకో. 60 ఏళ్ళు నిండిన గాంధీ 1930 మార్చి 12న సబర్మతి ఆశ్రమంలో బయల్దేరి, ఊరూరా ఆగుతూ దాదాపు 385 కిలోమీటర్లు నడిచి, ఏప్రిల్ 6న దండిలో వంగి ఉప్పు చేతిలోకి తీసుకున్నాడు. కిలోమీటర్లంటే వాళ్ళకేం తెలుస్తుంది? విజయవాడ నుంచి విశాఖ దాకా నడిచినా ఇంకా కొంత మిగిలిపోతుందని చెప్పు. మన ఒంగోలు దగ్గర దేవరంపాడులో ప్రకాశం పంతులుగారు కూడా ఉప్పు సత్యాగ్రహం చేయించారని కలుపు. చేతిలో చింతగింజలు ఉండగా విన్న కథ మర్చిపోరు.

ఆ కథలోనే ఓ చిక్కు ప్రశ్న వస్తుంది. "లాఠీలతో కొట్టిన పోలీసులు తెల్లోళ్ళేనా?" అని. దాటెయ్యకు. చాలామంది మనవాళ్ళే, ఆ ఉద్యోగమే వాళ్ళకి కూడు పెట్టేది అని చెప్పు. క్లాసు కాసేపు మూగబోతుంది. పోనీ. "తెల్లోళ్ళందరూ చెడ్డవాళ్ళా?" అన్నదానికీ సూటిగానే చెప్పు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొరకి గోదావరి రైతులు ఇవాళ్టికీ దండలు వేస్తారు. లండన్లో పుట్టిన అనీబిసెంట్ 1917లో కాంగ్రెస్ అధ్యక్షురాలైంది. మనుషులతో కాదు పేచీ, మనల్ని అడక్కుండా మన మీద చేసిన చట్టాలతో. ఈ ముక్క మూడో తరగతికి అర్థం కాదని కొందరంటారు. తమ్ముడి తప్పుకి తన్నులు తిన్న ఏ పిల్లకైనా అర్థమవుతుంది.

కాలం సంగతి. "చాలా ఏళ్ళ కిందట" అంటే వాళ్ళకి రాముడూ గాంధీ ఒకే కాలం వాళ్ళు. పురికొస ఒకటి తీసుకుని జానెడుకో ముడి వెయ్యి. జానంటే పదేళ్ళు. ముందు పిల్ల వయసు చూపించు, జానెడు కూడా ఉండదు. తర్వాత అమ్మ, అమ్మమ్మ. 1947 దాకా వెళ్ళేసరికి దగ్గర దగ్గర ఎనిమిది జానలు. 1857 కావాలంటే అక్కడికి ఇంకో తొమ్మిది. అప్పుడు చెప్పు సిపాయిల సంగతి, ఎంత కాలం పట్టిందో తాడే చెబుతుంది.

ఇంక నేను చేసిన తప్పు ఒకటి, నువ్వు చెయ్యకు. ఓ ఏడు జలియన్‌వాలాబాగ్ గురించి ఆఖరి పీరియడ్‌లో చెప్పాను. ఉత్సాహంలో బావి సంగతీ, అందులో దూకినవాళ్ళ సంగతీ అన్నీ కళ్ళకి కట్టాను. గంట కొట్టారు, పిల్లలు వెళ్ళిపోయారు. రెండో రోజు ఒక తల్లి వచ్చింది. "మా పిల్ల రాత్రంతా నిద్రపోలేదు టీచర్, పెరట్లో బావి దగ్గరికి వెళ్ళనంటోంది" అంది. తిట్టినా బాగుండేది. అప్పట్నుంచి అది పొద్దున్న పూటే చెప్పాను. పండగ రోజు, 1919 ఏప్రిల్ 13న, బయటికి పోవడానికి ఇరుకు దారులున్న తోటలో జనం గుమిగూడారు. హెచ్చరిక లేకుండా సైనికులు కాల్చారు. వందలమంది పోయారు. అంతవరకే. దాచకు, కానీ దృశ్యం గియ్యకు. తర్వాత పీరియడ్ బొమ్మలకో ఆటలకో వదులు.

అల్లూరి కథకి విల్లంబులు తెస్తారు, రూళ్ళకర్రలతో ఒకళ్ళ నెత్తిన ఒకళ్ళు బాదుకుంటారు, అది తప్పదు. ముందు మన్యంలో అడవి చట్టాల సంగతి చెప్పు, అడవి కొట్టి చేసుకునే పోడు సాగు వద్దన్నారు, కట్టె పుల్లకి కూడా ఆంక్షే. 1922 ఆగస్టులో వరసగా మూడు రోజులు మూడు పోలీస్‌స్టేషన్లు: చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి. పట్టుకెళ్ళిన ఆయుధాల లెక్క స్టేషన్లో రాసిపెట్టి మరీ వెళ్ళారు. "దొంగ రాసిపెడతాడా?" అని అడిగి ఊరుకో.

వీటన్నిటికంటే నాకు దుర్గాబాయి దేశ్‌ముఖ్ కథ ఇష్టం. 1923 కాకినాడ కాంగ్రెస్ సభల్లో 14 ఏళ్ళ పిల్ల, ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర వాలంటీరు. టికెట్ లేదని నెహ్రూనే ఆపేసింది. టికెట్ కొన్నాకే లోపలికి పంపింది. దీన్ని నాటకంలా వేయించు. భయస్తురాలైన పిల్లని ఏరికోరి గుమ్మం దగ్గర నిలబెట్టు.

నీ బడి ఖమ్మం జిల్లాలో కనుక ఇంకో మాట. 1947 ఆగస్టు 15న ఢిల్లీలో జెండా ఎగిరినప్పుడు హైదరాబాద్ సంస్థానంలో అది ఎగరేసినవాళ్ళని జైల్లో పెట్టారు. 1948 సెప్టెంబరు 17 దాకా నిజాం పాలనే. ఈ సంగతి చెప్పకపోతే పిల్లలు ఇంటికెళ్ళి అడిగినప్పుడు పెద్దవాళ్ళు వేరే మాట చెబుతారు, నువ్వు అబద్ధమైపోతావు. ఊళ్ళో 85 దాటిన తాతో అమ్మమ్మో ఉంటే బడికి పిలిచి కూర్చోబెట్టు. పోరాటం అడిగితే కరువు గురించో, ఇంట్లోంచి పారిపోయిన మేక గురించో చెప్పొచ్చు. చెప్పనీ. మధ్యలో తేదీలు సరిదిద్దకు.

చింతగింజలు 300 లెక్కపెట్టి మూట కట్టాను, మీ అమ్మ వచ్చేటప్పుడు తెస్తుంది. ఒకటో తరగతి వాళ్ళు కిటికీలోంచి వచ్చి నోట్లో పెట్టుకుంటారు, చూసుకో.

నీ పెద్దమ్మ