లిండీ హాప్ కోసం పాత జాజ్ రికార్డులు కొనాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది ఇదీ: ఆరు నెలలుగా లిండీ హాప్ (స్వింగ్ జాజ్‌కి జంటగా చేసే డాన్స్) నేర్చుకుంటున్నారు, ఇంట్లో ప్రాక్టీసుకీ, నెలకోసారి స్నేహితులు కలిసే డాన్స్ రాత్రికీ పాత జాజ్ ఆల్బమ్స్ కూడబెట్టాలనుకుంటున్నారు, చేతిలో రెండు వందల డాలర్లున్నాయి, 78లు (నిమిషానికి 78 సార్లు తిరిగే పాత రికార్డులు) కొనాలా ఎల్పీలు (తర్వాత వచ్చిన, ఎక్కువ సేపు పాడే రికార్డులు) కొనాలా తెలియడం లేదు. నేను న్యూజెర్సీలో ఉంటాను. పదకొండేళ్లుగా ఈ డాన్స్ చేస్తున్నాను, దాదాపు అంతే కాలంగా రికార్డులు కొంటున్నాను. ఇప్పుడు ఇంట్లో నాలుగు వందల దాకా ఉన్నాయి, డాన్స్ రాత్రికి పట్టుకెళ్లేవి మాత్రం అరవై. ఈ తేడా ఎందుకొచ్చిందో ముందు చెప్తాను.

మొదటి ఏడాది నేను పేర్లు చూసి కొన్నాను. అట్ట మీద జాజ్ అని ఉండి, ఎక్కడో విన్న పేరు కనిపిస్తే చాలు, తెచ్చేసేదాన్ని. ఒకసారి ఒక ఇంటి పెద్దాయన పోయాక పిల్లలు సామానంతా అమ్మేస్తుంటే, 52 ఎల్పీలున్న పెట్టె మొత్తం 60 డాలర్లకి కొన్నాను. ఆ శని ఆదివారాలు హాల్లో తివాచీ చుట్టి పక్కన పెట్టి, ఒక్కొక్క రికార్డూ వేసి, ఒంటరిగానే స్టెప్పులు వేసి చూశాను. డాన్స్‌కి నిలిచినవి ఏడు. మిగతావి చెడ్డవని కాదు, కొన్నిటిని ఇప్పటికీ రాత్రిపూట లైటు తగ్గించుకుని వింటాను, కానీ అవి కూర్చుని వినడానికే చేసినవి. 1940ల మధ్యకొచ్చేసరికి చార్లీ పార్కర్, డిజీ గిలెస్పీ లాంటివాళ్ల బీబాప్‌తో జాజ్ డాన్స్ హాళ్లలోంచి చిన్న క్లబ్బుల్లోకి వెళ్లింది. అక్కడ జనం బల్లల దగ్గర కూర్చుని వింటారు కాబట్టి డ్రమ్మర్‌కి మన పాదానికి దారి చూపించే బాధ్యత లేదు, తనకి తోచిన చోట దెబ్బ వేస్తాడు. దాని అందం దానిది. ఎదుటి మనిషి చెయ్యి పట్టుకుని ఫ్లోర్ మీద నిలబడ్డప్పుడు మాత్రం అడుగు ఎక్కడ వెయ్యాలో తెలియదు.

అందుకని నేను గట్టిగా చెప్పేది ఒక్కటే. అట్ట ముందున్న పేరు చూసి కొనకండి, వెనక్కి తిప్పి రికార్డ్ చేసిన తేదీ చూసి కొనండి.

మీరు ఆల్బమ్స్ అన్నారు కదా, అక్కడే ఒక చిక్కుంది. మనకి కావలసిన సంగీతంలో ఎక్కువ భాగం 1935 నుంచి 1942 లోపు వచ్చింది, అప్పటికి ఎల్పీ అన్నదే లేదు, కొలంబియా వాళ్లు దాన్ని తెచ్చింది 1948లో. అంతకు ముందు పది అంగుళాల 78 ఆర్‌పీఎం రికార్డు, ఒక వైపుకి ఒక పాట, సుమారు మూడు నిమిషాలు. ఆల్బమ్ అనే మాట కూడా అప్పటిదే, ఫోటో ఆల్బమ్‌లాగా కాగితపు సంచులు కుట్టిన పుస్తకంలో నాలుగైదు 78లు పెట్టి అమ్మేవాళ్లు. కాబట్టి ఈ రోజు మీకు షాపులో దొరికే 1930ల ఎల్పీ ఏదైనా తర్వాతెప్పుడో పోగు చేసి వేసిందే. ఇందులో మోసపోయే చోటు ఏమిటంటే, అదే బ్యాండ్ లీడర్ ఇరవై ఏళ్ల తర్వాత వేరే మనుషులతో అవే పాటలు మళ్లీ వాయించి ఉంటాడు, అట్ట మీద పాటల పేర్లన్నీ మీకు తెలిసినవే ఉంటాయి, ఇంటికి తెచ్చి వేస్తే నడక వేరేగా ఉంటుంది. వెనక అట్ట మీద ఏ పాట ఏ నెలలో, ఎవరెవరు వాయించారో రాసి ఉంటే అది శ్రద్ధగా చేసిన రికార్డు అని దాదాపు నమ్మొచ్చు. ఏమీ రాయకపోతే నేను తిరిగి పెట్టేస్తాను.

నడక అన్నాను కదా, మన సంగీతం కాస్త తెలిసినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. స్వింగ్‌లో, అంటే 1930ల డాన్స్ జాజ్‌లో, ఒక దెబ్బని సమానంగా రెండు ముక్కలు చెయ్యరు, మొదటి ముక్క కాస్త సాగుతుంది, రెండోది కుదించుకుంటుంది, మన తిశ్ర నడకకి దగ్గరగా ఉంటుంది. దాన్ని మోసేవాళ్లు నలుగురు: పియానో, గిటార్, బేస్, డ్రమ్స్. రికార్డు కొనేముందు వినే అవకాశం ఉంటే ట్రంపెట్‌నీ గాయకుడినీ పక్కన పెట్టి ఈ నలుగురినే వినండి. కౌంట్ బేసీ బ్యాండ్‌లో ఫ్రెడీ గ్రీన్ 1937లో చేరి 1987లో పోయేదాకా, యాభై ఏళ్లు, ప్రతి దెబ్బకీ ఒక గీటు గిటార్ మీద వేస్తూ కూర్చున్నాడు. విడిగా వినిపించడు, కానీ మీ కాలికి వినిపిస్తాడు. వాల్టర్ పేజ్ బేస్, జో జోన్స్ డ్రమ్స్, బేసీ పియానో కలిస్తే అసలు ఈ డాన్స్ ఏమిటో అర్థమవుతుంది. అందుకే మొదటి రికార్డు కొనాల్సి వస్తే బేసీ 1937-39 మధ్య డెక్కా కంపెనీకి ఇచ్చినవే కొనమంటాను. ఒక మాట, ఆ ఒప్పందంలో ఆయనకి రాయల్టీ లేదు. ఇన్నేళ్లుగా మనందరం ఆడుతున్న ఆ పాటలు అలా అమ్ముడుపోయాయని తలుచుకుంటే నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

తర్వాత చిక్ వెబ్. ఈ పేరు తెలియకుండా లిండీ హాప్ రికార్డులు కొనకండి. న్యూయార్క్ హార్లెంలో లెనాక్స్ అవెన్యూ మీద 140, 141 వీధుల మధ్య సవాయ్ బాల్‌రూమ్ ఉండేది, 1926 మార్చిలో తెరిచారు, 1958లో మూసేశారు. రెండు వేదికలు, ఒక బ్యాండ్ ఆపగానే ఇంకోటి అందుకునేది. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒకే ఫ్లోర్ మీద డాన్స్ చేసిన చోటు అది. అక్కడ నిలకడగా వాయించే సొంత బ్యాండ్ చిక్ వెబ్‌ది, ఆయన డ్రమ్మర్. చిన్నప్పుడే వెన్నెముకకి క్షయ వచ్చి పొట్టిగా, వంగిన వీపుతో ఉండేవాడు, డ్రమ్స్ దగ్గర కూర్చుంటే మాత్రం ఎదుటి బ్యాండ్ భయపడేది. 1937 మేలో బెనీ గుడ్‌మన్ బ్యాండ్‌తో పోటీ పెడితే సవాయ్ జనం చిక్‌నే గెలిపించారు. 1939లో పోయాడు. ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ 1935 నుంచి ఆ బ్యాండ్‌లోనే పాడింది. ఇప్పుడు ఆ వీధిలో బాల్‌రూమ్ లేదు, 2002లో సవాయ్ నాటి లిండీ హాప్ డాన్సర్లు ఫ్రాంకీ మానింగ్, నార్మా మిల్లర్ ఆవిష్కరించిన ఫలకం ఉంది. మొదటిసారి వెళ్లినప్పుడు దాని ముందు చాలాసేపు నిలబడ్డాను.

సెకండ్ హ్యాండ్ షాపుల్లో చౌక పెట్టెల నిండా గ్లెన్ మిల్లర్, టామీ డోర్సీ లాంటి తెల్లవాళ్ల బ్యాండ్లుంటాయి, చిక్ వెబ్, జిమ్మీ లన్స్‌ఫర్డ్, అర్స్కిన్ హాకిన్స్ అరుదుగా కనిపిస్తారు. మిల్లర్ తప్పని కాదు, కానీ చేతికి తేలిగ్గా దొరికిందే కొనుక్కుంటూ పోతే, ఈ డాన్స్ పుట్టించిన నల్లవాళ్ల బ్యాండ్లే లేని స్వింగ్ కలెక్షన్ తయారవుతుంది. దయచేసి అలా చెయ్యకండి, కాస్త ఆగి వెతకండి. లన్స్‌ఫర్డ్ 1939లో రికార్డ్ చేసిన 'టెయింట్ వాట్ యూ డూ' మీకు ఎలాగూ కావాలి, షిమ్ షామ్ (అందరూ కలిసి ఒకే స్టెప్పులు వేసే డాన్స్) ఎక్కువగా దానికే చేస్తారు. డ్యూక్ ఎలింగ్టన్‌వి అయితే 1940-42 మధ్య విక్టర్ కంపెనీకి ఇచ్చిన రికార్డులు, వాటిలో ఎక్కువ భాగం జిమీ బ్లాంటన్ బేస్ వాయించినవి.

టెంపో సంగతి. వాచీ పెట్టుకుని పదిహేను సెకన్లలో ఎన్ని దెబ్బలో లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించండి. ఆరు నెలల వాళ్లకి 120 నుంచి 150 హాయిగా ఉంటుంది, 180 దాకా కొత్తవాళ్లూ పాతవాళ్లూ కలిసిన జనంలో నడుస్తుంది, 200 దాటినవి రాత్రికి రెండు మూడు చాలు. బేసీ 1938 నాటి 'జంపిన్ ఎట్ ద వుడ్‌సైడ్' 220 దాటేస్తుంది, వినడానికి అంత వేగం అనిపించదు, ఆడితే తెలుస్తుంది. నేను మొదటిసారి డాన్స్ రాత్రికి పాటలు వేసినప్పుడు గుడ్‌మన్ 1938లో న్యూయార్క్ కార్నెగీ హాల్లో చేసిన కచేరీ నుంచి 'సింగ్ సింగ్ సింగ్' వేశాను. పన్నెండు నిమిషాలు, పైగా వేగం. నాలుగో నిమిషానికి ఫ్లోర్ మీద ఇద్దరే మిగిలారు, వాళ్లు కూడా మర్యాద కోసం ఉన్నారు. ఆ రాత్రి ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. తర్వాత తెలిసిన విషయం ఏమిటంటే, 1938 జనవరి 16న కార్నెగీ హాల్లో జనం కుర్చీల్లో కూర్చుని ఆ కచేరీ విన్నారు, అదే రాత్రి సవాయ్‌లో చిక్ వెబ్‌కీ బేసీకీ పోటీ జరిగింది, బేసీ, ఆయన మనుషులు కొందరు కార్నెగీలో వాయించి అటు వెళ్లారు. ఒకే రాత్రి, ఒకే ఊరు, ఒక చోట కూర్చున్నారు, ఒక చోట ఆడారు. రికార్డు చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ ఇది ఈ రెండు హాళ్లలో దేనిది అని అడుగుతాను.

1950ల ఎల్పీలు అసలు వద్దా అంటే, కావాలి, ముఖ్యంగా ప్రాక్టీసుకి. శబ్దం శుభ్రంగా ఉంటుంది, బేస్ బాగా వినిపిస్తుంది. బేసీ 'ఏప్రిల్ ఇన్ పారిస్' కొనండి, అందులో ఫ్రాంక్ ఫాస్టర్ రాసిన 'షైనీ స్టాకింగ్స్' ఉంది, ఫ్రాంకీ మానింగ్‌కి ప్రాణం అది. 1959లో ఎలింగ్టన్, జానీ హాజెస్ కలిసి చేసిన 'బ్యాక్ టు బ్యాక్' నెమ్మదిగా బ్లూస్ డాన్స్ చేసుకోవడానికి నా దగ్గర అన్నిటికంటే ఎక్కువ అరిగిన రికార్డు. ఎల్లా, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1956లో చేసినది కూడా, రాత్రి చివర్లో అందరూ అలిసిపోయినప్పుడు.

78ల సంగతి. ఇప్పుడే వద్దు. వాటికి వేరే ముల్లు కావాలి, ఎల్పీ ముల్లు సుమారు 0.7 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) వెడల్పయితే 78 గాడికి 3 మిల్ దగ్గరది పెట్టాలి, టర్న్‌టేబుల్‌కి ఆ వేగం ఉండాలి, పైగా చేతిలోంచి జారితే పగులుతుంది. ఒకసారి ఆన్‌లైన్‌లో కొన్న లన్స్‌ఫర్డ్ 78ని అమ్మినాయన ఉత్త కవర్లో పెట్టి పంపితే మూడు ముక్కలై వచ్చింది, ఆ ముక్కలు ఇంకా పారెయ్యలేదు. అవి పగలడానికి కారణం అందులోని షెలాక్, అంటే మన లక్క. మోదుగ, రేగు లాంటి చెట్ల మీద పురుగులు పెట్టే అదే లక్క, లాడ్ బజార్లో గాజులు చేసేదే. అమెరికా రికార్డు కంపెనీలకి అది ఎక్కువగా మన దేశం నుంచే వెళ్లేది. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడల రాకపోకలు దెబ్బతిని 1942లో ప్రభుత్వం వాడకం మీద కోత పెట్టింది, కొత్త రికార్డు కావాలంటే పాతది తిరిగివ్వాల్సి వచ్చేది, అలా ఎన్నో స్వింగ్ 78లు తుక్కులో కరిగిపోయాయి. ఎప్పుడైనా 78 కొంటే గుర్తుపెట్టుకోండి, ఎల్పీ తుడిచే ఆల్కహాల్ ద్రవం దాని మీద వెయ్యకండి, షెలాక్ కరుగుతుంది.

ఎల్పీల్లో ఇంకో ప్రమాదం ఉంది. 1960లలో స్టీరియో మోజులో కంపెనీలు పాత మోనో రికార్డింగులని తీసుకుని కింది స్వరాలు ఒక వైపుకీ పై స్వరాలు ఇంకో వైపుకీ నెట్టి, ప్రతిధ్వని కలిపి అమ్మాయి. అట్ట మీద ఎలక్ట్రానిక్ స్టీరియో, రీప్రాసెస్డ్ అనే మాటలుంటాయి. హాల్లో పెద్ద స్పీకర్లలో వేస్తే బేస్ ఒక మూల, డ్రమ్ ఇంకో మూల, మధ్యలో ఉన్నవాళ్లకి గందరగోళం. అదే పాట మోనోలో దొరికితే అదే తీసుకోండి. అలాగే అమ్మేవాళ్లు రికార్డు స్థితికి వీజీ (వెరీ గుడ్) అని రాస్తే బాగుందని అనుకోకండి, నిశ్శబ్దంగా ఉన్న చోటల్లా చిటపటలు ఖాయం, డాన్స్‌కి వీజీ ప్లస్ కంటే తక్కువ నేను కొనను.

మీ రెండు వందలతో నేనైతే ఇలా చేస్తాను. టైమ్ లైఫ్ వాళ్లు 1970ల చివర్లో మొదలుపెట్టి వేసిన జయంట్స్ ఆఫ్ జాజ్ పెట్టెలు వెతుకుతాను, ఒక్కోదాంట్లో మూడు ఎల్పీలు, ఒక పుస్తకం, ప్రతి పాటకీ తేదీ, వాయించినవాళ్ల పేర్లు ఉంటాయి. మా వైపు సెకండ్ హ్యాండ్ షాపుల్లో పదిహేను డాలర్ల లోపే దొరికాయి. ఎలింగ్టన్, గుడ్‌మన్, హాజెస్ మూడూ తీసుకోండి. బేసీ డెక్కా పాటలు మొత్తం మూడు సీడీల పెట్టెగా 1992లో వచ్చాయి, దానికి సీడీ అని సంకోచించకండి. చిక్ వెబ్‌కి డెక్కా జాజ్ హెరిటేజ్ సిరీస్ ఎల్పీలు చూడండి. ఇవన్నీ కలిపినా వంద, నూట ఇరవై దాటదు. మిగిలిన డబ్బుతో మంచి ముల్లు కొనండి, అరిగిన ముల్లుతో వేస్తే రికార్డులే పాడవుతాయి.

డాన్స్ రాత్రికి టర్న్‌టేబుల్ మోసుకెళ్లక్కర్లేదు. చెక్క ఫ్లోర్ మీద ముప్పై మంది గెంతుతుంటే ముల్లు ఎగురుతుంది, నాకు రెండుసార్లు జరిగింది. ఇంట్లో కంప్యూటర్‌లోకి ఎక్కించి, పాట పేరు పక్కన ఏడాదీ టెంపోనూ రాసి పెట్టుకోండి. 1937 పాట పక్కనే 1957 పాట వేస్తే రెండోది ఒక్కసారిగా మీద పడ్డట్టు వినిపిస్తుంది, సౌండ్ ముందే సరిచూసుకోండి. మధ్యమధ్యలో జోనథన్ స్టౌట్, గోర్డన్ వెబ్‌స్టర్ లాంటి ఇప్పటి బ్యాండ్లు కూడా కలపండి, వాళ్లు డాన్సర్ల కోసమే వాయిస్తారు.

మొదటి పెట్టె కొన్నాక వెనక అట్ట ఫోటో ఇక్కడ పెట్టండి. ఏ పాటలు మీ గ్రూపుకి సరిపోతాయో తేదీలు చూసి చెప్తాను.