కమ్యూనిస్టు పాలన పోయిన దేశంలో సేంద్రియ సాగు విధానం, సంస్థలు ఎలా ఏర్పడతాయి?

చెక్ దేశం సంగతి చెప్తాను. 1989 దాకా అక్కడ వ్యవసాయమంటే దాదాపు అంతా సహకార, ప్రభుత్వ క్షేత్రాలే. మార్పు రాగానే 1990లో ఔత్సాహికులు షుంపెర్క్ పట్టణంలో ‘ప్రో-బయో’ అనే సేంద్రియ రైతుల సంఘం పెట్టుకున్నారు. విచిత్రం ఏంటంటే, చట్టం రాకముందే సబ్సిడీ వచ్చేసింది! కానీ అది రెండు మూడేళ్ల ముచ్చటే. ఆగిపోయిన సాయం మళ్లీ 1998లో గానీ మొదలవలేదు. ఆ మధ్యకాలంలో వ్యవస్థను బతికించింది సంఘాలే అని నా అభిప్రాయం.

సేంద్రియ సాగు చట్టం 2000లో చేశారు, మరుసటి ఏడాది అమల్లోకి వచ్చింది. యూరోపియన్ యూనియన్‌లో చేరే ప్రయత్నంలో ఉన్నారు కాబట్టి అక్కడి నిబంధనలకు సరిపోయేలా రాసుకున్నారు. తనిఖీకి ‘కెజ్’ లాంటి ధ్రువీకరణ సంస్థలు వచ్చాయి. సరుకు మీద ‘బయో’ అన్న అక్షరాలు చారలు చారలుగా ఉంటాయి. అందుకే జనం ఆ ముద్రను ‘బయోజీబ్రా’ అంటారు.

2004లో యూనియన్‌లో చేరాక డబ్బు బాగా వచ్చింది. ఇప్పుడు సాగుభూమిలో సుమారు 15 శాతం సేంద్రియమే. వినడానికి ఘనంగా ఉంటుంది గానీ, అందులో ఐదింట నాలుగు వంతులు పచ్చిక బయళ్లే. సబ్సిడీ ఎకరాల లెక్కన ఇస్తే, కొండవాలులో ఆవుల్ని మేపేవాళ్లకు మారడం తేలిక, కూరగాయలు పండించేవాళ్లకు కష్టం. పైగా సేంద్రియంగా పెంచిన పశువుల మాంసం కొంత మామూలు సరుకుగానే అమ్ముడుపోతుంది, ప్రాసెసింగ్ యూనిట్లు చాలక.