నాలుగో తరగతి పిల్లాడు ఆట కట్టించాడు

ప్రశ్న: గవర్నర్‌పేటలో చిన్న షాపు నాది, వయసు 48. రాత్రి షటర్ దించి ఇంటికొచ్చాక ఫోన్లో చెస్ ఆడతాను. ఎన్నేళ్లు ఆడినా సగం ఆటలు ఓడిపోతూనే ఉన్నాను. మొన్న మా అపార్ట్‌మెంట్‌లో నాలుగో తరగతి పిల్లాడు, “అంకుల్, మీరు ఆలోచించుకుంటూ ఉండండి, నేను మంచినీళ్లు తాగొస్తా” అని వెళ్లి, తిరిగొచ్చి రెండు ఎత్తుల్లో ఆట కట్టించాడు. ఓడిపోవడానికి నిద్ర మానుకోవడం ఎందుకని మా ఆవిడ గోల. ఓపెన్ టోర్నమెంట్‌కి వెళ్లాలని ఉంది కానీ పరువు పోతుందేమోనని టెన్షన్. ఏం చేయమంటారు?
– పేరు వేయొద్దన్న పాఠకుడు, విజయవాడ

జవాబు: ముందు ఆ సగం సంగతి చూద్దాం. ఫోన్లో మీకు జోడీ కుదిర్చేది రేటింగ్ (ఆటగాడి బలాన్ని చెప్పే అంకె) చూసే కదా, సమఉజ్జీలు ఆడితే ఎవరికైనా అటూ ఇటూగా సగమే వస్తుంది. మీ ఆట మెరుగై రేటింగ్ 200 పాయింట్లు పెరిగిందనుకోండి, ఎదురుగా కూర్చునేవాడు కూడా అంత గట్టివాడే వస్తాడు, మళ్లీ సగమే. ఒకప్పుడు మంత్రిని ఊరికే పోగొట్టుకుని ఓడేవారు, ఇప్పుడు చివర్లో ఒక్క బంటు తక్కువై ఓడుతుంటారు. మేడమ్‌గారికి ఈ లెక్క చెప్పి చూడండి (ఒప్పుకుంటారని మాత్రం నేను హామీ ఇవ్వను).

పిల్లాడు ఎలా కట్టించాడో మీరు రాయలేదు, రాయబుద్ధి కాలేదేమో. నామీద పడిన దెబ్బల్లో నాకు ఇప్పటికీ ముచ్చటేసేది ఒకటి చెప్తాను. నల్ల రాజు హెచ్8 మూలన ఉన్నాడు (బల్ల మీద గడులకు ఇలా అక్షరం, అంకె కలిపి పేరు పెడతారు), ముందు రెండు బంటులు, ఎఫ్8లో ఏనుగు. తెల్ల గుర్రం హెచ్6లో ఉంది. తెల్ల పావులతో ఆడేవాడు మంత్రిని తెచ్చి సరిగ్గా రాజు పక్కన, జీ8లో పెట్టి చెక్ అంటాడు. గుర్రం కాపలా ఉంది కాబట్టి రాజు కొట్టలేడు, ఏనుగుతోనే కొట్టాలి. ఎదుటివాడికి మతిపోయిందని సంబరపడుతూ కొడతాం. అప్పుడు గుర్రం ఎఫ్7కి దూకి చెక్ అంటుంది. రాజు కదలడానికి గడే లేదు, చుట్టూ ఉన్నది మనవాళ్లే! అయిదు వందల ఏళ్ల కిందటే పుస్తకాలకెక్కిన ఎత్తుగడ ఇది, అయినా బల్ల మీద మనకే జరిగితే కోపం రావడానికి కాస్త టైం పడుతుంది, ముందు నోరు వెళ్లబెట్టి చూస్తాం. ఆట రానివాడికి ఆ సరదా దక్కదు.

టోర్నమెంట్‌కి తప్పకుండా వెళ్లండి. ముట్టుకున్న పావునే కదపాలి, ఫోన్ అలవాటులో వేలు పెట్టారో అయిపోయారు. కాళ్లు నేలకి అందని పిల్లలు ఎదురుగా కూర్చుంటారు, వాళ్ల రేటింగ్ చూసి మోసపోకండి, వాళ్ల ఆట రేటింగ్ కంటే ముందు పరిగెడుతుంటుంది. పరువు అంటారా, మీ ఊరి కోనేరు హంపినే చూడండి. 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్, 2019లోనూ 2024లోనూ మహిళల ప్రపంచ ర్యాపిడ్ (తక్కువ టైంలో ఆడే చెస్) ఛాంపియన్. అలాంటి ఆమె 38 ఏళ్ల వయసులో, 2025 మహిళల ప్రపంచకప్ ఫైనల్లో, అదీ స్కోరు సమమయ్యాక ఆడే ర్యాపిడ్ టైబ్రేక్‌లోనే, 19 ఏళ్ల దివ్యా దేశ్‌ముఖ్ చేతిలో ఓడిపోయారు. మీకూ నాకూ పరువేంటండీ.

ప్రశ్న: ఆట అవ్వగానే చెస్ ఇంజన్ (ఎత్తులు లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్) నా తప్పులన్నీ ఎర్రగుర్తులు పెట్టి చూపిస్తోంది. గెలిచిన ఆటలో కూడా! ఆడాలన్న ఆసక్తే పోతోంది.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: 1997లోనే ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్‌ని కంప్యూటర్ ఓడించింది, దాని ముందు సిగ్గుపడి లాభం లేదమ్మా. ఒక్క పని చేయండి, ఇంజన్ ఆన్ చేసే ముందు ఎక్కడ భయపడ్డారో, ఎక్కడ తొందరపడ్డారో మీరే రాసుకోండి. ఎదురుగా మనిషితో ఆడితే ఇంకా మంచిది, అయ్యాక ఇద్దరూ కలిసి పావులు మళ్లీ పేర్చి చూసుకోవచ్చు. గెలిచినవాడు కూడా మధ్యలో రెండుసార్లు ఆశ వదిలేసుకున్నాడని అప్పుడే బయటపడుతుంది.