బస్సు ఎక్కడానికి ‘కోహెర్’ అనొచ్చా?

స్పెయిన్ పుస్తకంతో స్పానిష్ నేర్చుకున్నాను, ఇప్పుడు ఉద్యోగం మీద మెక్సికో వెళ్తున్నాను, బస్సు ఎక్కడానికి ‘కోహెర్’ అనాలా ‘తోమార్’ అనాలా అని అడిగారు కదండీ. ఆలోచించకుండా ‘తోమార్’ అనేయండి.

స్పెయిన్‌లో కోహెర్ అంటే తీసుకోవడం, పట్టుకోవడం, బస్సు ఎక్కడం. చిన్నపిల్లలు కూడా రోజంతా వాడే మాట. అదే మెక్సికోలో, అర్జెంటీనాలో పచ్చి బూతు, పడక వ్యవహారం. మీరు విదేశీయులు కాబట్టి ఎవరూ తప్పు పట్టరు గానీ నవ్వు ఆపుకోవడం వాళ్ళకి కష్టం! అలాగని లాటిన్ అమెరికా అంతా ఇంతే అనుకోకండి, కొలంబియాలో బస్సుకీ టాక్సీకీ కోహెర్ మామూలుగానే వాడతారు. తోమార్‌కి ఏ దేశంలోనూ ఈ టెన్షన్ లేదు. చేత్తో ఏదైనా పట్టుకోవాలంటే మెక్సికోలో ‘అగర్రార్’.

ఇంకోటి. మీ పుస్తకం ప్రకారం ‘కమియోన్’ అంటే లారీ. మెక్సికోలో సిటీ బస్సునీ అలాగే అంటారు. కమియోన్‌లో వచ్చేయమని ఎవరైనా చెబితే లారీ కోసం వెతక్కండి. క్యూబాలో బస్సు ‘గ్వాగ్వా’, చిలీలో గ్వాగ్వా అంటే పసిబిడ్డ. మీకు ఇప్పుడు దాంతో పనిలేదు లెండి.