వీడియోలు ఆడట్లేదని బ్రౌజర్ తీసేయకండి, ముందు ఎక్స్‌టెన్షన్లు చూడండి

ల్యాప్‌టాప్‌లో క్రోమ్ తెరిస్తే వీడియో ఉండాల్సిన చోట నల్లగా ఉండి చక్రం తిరుగుతూనే ఉందని, అదే వైఫై మీద ఫోన్లో మాత్రం చక్కగా ఆడుతోందని, నిన్నటిదాకా ఈ బాధ లేదని మీరు రాశారు. క్రోమ్ తీసేసి మళ్లీ వేసుకోమంటారా అని అడిగారు. వద్దండి. ఆ పని మేం రెండుసార్లు చేశాం, రెండుసార్లూ దండగే అయింది.

తెనాలిలో మా అక్క కూతురు ఎంసెట్‌కి చదువుతున్నప్పటి సంగతి ఇది. రికార్డు చేసిన ఫిజిక్స్ క్లాసులు రోజూ ల్యాప్‌టాప్‌లో చూసేది. ఒక రాత్రి ఫోన్ చేసి, "పిన్నీ, వీడియో రావట్లేదు, రేపు టెస్ట్ ఉంది" అంది. గొంతులోనే తెలిసిపోయింది ఎంత టెన్షన్‌లో ఉందో. నేను హైదరాబాద్‌లో ఉండి ఫోన్లోనే ఒక్కొక్కటీ చెప్పాను. రూటర్ ఆపి వేశారు. స్పీడ్ చూశారు, బాగానే ఉంది. చివరికి మా బావ క్రోమ్ తీసేసి కొత్తగా వేశారు. పాప తన జీమెయిల్‌తో సైన్ ఇన్ అయింది, వీడియో పెట్టింది, మళ్లీ అదే నల్ల స్క్రీన్. ఇంకోసారి తీసి వేశారు. అదే కథ.

మేం గమనించని విషయం ఏంటంటే, సైన్ ఇన్ అయి సింక్ (మన సెట్టింగులన్నీ గూగుల్ ఖాతాలో దాచి మళ్లీ తెచ్చిపెట్టేది) ఆన్‌లో ఉంటే బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లతో పాటు పాత ఎక్స్‌టెన్షన్లు, అంటే అదనపు పనుల కోసం బ్రౌజర్‌కి మనం తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు, కూడా తిరిగి దిగిపోతాయి. గుమ్మంలోంచి పంపేసిన వాళ్లని కిటికీలోంచి మనమే లోపలికి పిలుచుకున్నట్టు అయింది. ఇక మీ ఫోన్లో ఎందుకు ఆడుతోందంటారా, ఆండ్రాయిడ్ ఫోన్లోని క్రోమ్‌కి ఎక్స్‌టెన్షన్లే ఉండవు. ఒకే వైఫై మీద ఫోన్లో ఆడి ల్యాప్‌టాప్‌లో ఆడట్లేదంటే నెట్‌ని అనుమానించడం ఆపేయొచ్చు.

ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. కంట్రోల్, షిఫ్ట్, ఎన్ మూడూ కలిపి నొక్కితే ఇన్‌కాగ్నిటో విండో వస్తుంది. మనం ప్రత్యేకంగా అనుమతి ఇస్తే తప్ప అందులో ఎక్స్‌టెన్షన్లు పనిచేయవు. వీడియో అక్కడ పెట్టి చూడండి. ఆడితే తొంభై పాళ్లు దొంగ ఎక్స్‌టెన్షనే. మిగతా పది పాళ్లు ఎందుకు వదిలానంటే, ఆ విండోలో పాత కుకీలు, అంటే సైట్లు మనల్ని గుర్తుపట్టడానికి బ్రౌజర్‌లో దాచుకునే చిన్న వివరాలు, కూడా ఉండవు. అందుకని ఎక్స్‌టెన్షన్లన్నీ ఆపినా మామూలు విండోలో ఆడకపోతే, ఆ ఒక్క సైట్ కుకీలు తుడిచేసి మళ్లీ లాగిన్ అవ్వండి. ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్లకి హెల్ప్ మెనూలో ట్రబుల్‌షూట్ మోడ్ ఉంటుంది. అది ఎక్స్‌టెన్షన్లతో పాటు హార్డ్‌వేర్ యాక్సిలరేషన్‌ని (బొమ్మ చూపించే పనిని గ్రాఫిక్స్ చిప్‌కి అప్పగించే ఏర్పాటుని) కూడా ఆపేస్తుంది కాబట్టి, అక్కడ ఆడితే ఆ రెంటిలో ఏది కారణమో విడిగా తేల్చుకోవాలి.

మా పాప ఇన్‌కాగ్నిటోలో పెట్టగానే మాస్టారి గొంతు వినిపించింది. అక్క వెనకనుంచి "అమ్మయ్య" అంది. ఆ రాత్రికి క్లాసు అందులోనే చూడమని, కారణం సంగతి మర్నాడు చూద్దామని చెప్పాను.

మర్నాడు సాయంత్రం వీడియో కాల్‌లో ఫోన్ కెమెరాని ల్యాప్‌టాప్ మీదకి తిప్పమన్నాను. మామూలు విండోలో ఎఫ్12 నొక్కించి, నెట్‌వర్క్ అనే ట్యాబ్‌లోకి వెళ్లి, పేజీ రీలోడ్ చేయమన్నాను. లైన్లు చకచకా పడుతూ మధ్యలో రెండు ఎర్రగా వచ్చాయి. వాటి పక్కన ఏముందో చదవమంటే కూడబలుక్కుని చదివింది: "బ్లాక్డ్ బై క్లయింట్". క్లయింట్ అంటే మన బ్రౌజరే. సైట్ వాళ్లు కాదన్నా, ఫైల్ లేకపోయినా 403, 404 లాంటి నంబర్లు వస్తాయి. ఇలా వచ్చిందంటే అడగడానికి వెళ్తున్న మనిషిని మన ఇంటి గుమ్మంలోనే ఎవరో ఆపేశారన్నమాట. ఆ పని చేసేది దాదాపు ఎప్పుడూ ప్రకటనలు ఆపే ఎక్స్‌టెన్షనే.

అదెందుకు వీడియోని ఆపుతుంది? ఆన్‌లైన్ వీడియో ఒకే ఫైల్‌గా రాదు, చాలా సైట్లలో కొన్ని సెకన్ల ముక్కలుగా వస్తుంది. ఆ ముక్కలు అడిగే ముందు ప్లేయర్ వేరే అడ్రసులకి కూడా కబురు పెడుతుంది, ప్రకటన ఉందా, ఈ మనిషికి చూసే హక్కు ఉందా అని. ప్రకటనలు ఆపే ఎక్స్‌టెన్షన్ దగ్గర ఏ అడ్రసుల్ని ఆపాలో పెద్ద జాబితా ఉంటుంది. వీడియోకి కావలసిన అడ్రసు పొరపాటున ఆ జాబితాలోని రూలుకి తగిలితే జవాబు రాదు, ప్లేయర్ ఎదురుచూస్తూ కూర్చుంటుంది. మనకి కనిపించే చక్రం అదే. ఈ జాబితాలు మనల్ని అడక్కుండానే తరచూ అప్‌డేట్ అవుతుంటాయి. మీరేమీ మార్చకుండానే నిన్న ఆడింది ఇవాళ ఆగిపోవడానికి ఇదొక కారణం. ఇందులో మీ తప్పేమీ లేదండి.

పాప దగ్గర మొత్తం పదకొండు ఎక్స్‌టెన్షన్లున్నాయి, అందులో ప్రకటనలు ఆపేవే రెండు. ఏది పట్టేస్తోందో తెలియనప్పుడు ఒక్కొక్కటీ ఆపి చూడటం కంటే సగం సగం ఆపడం మేలు. అడ్రసు పట్టీలో క్రోమ్ అని కొట్టి, కోలన్, రెండు స్లాష్‌లు పెట్టి ఎక్స్‌టెన్షన్స్ అని కొడితే జాబితా వస్తుంది. ఆరు ఆపాం, వీడియో ఆడింది. వాటిలో మూడు మళ్లీ వేశాం, ఆగింది. ఇంకో రెండు ప్రయత్నాల్లో దొరికింది. ప్రతిసారీ పేజీ రీలోడ్ చేయడం మాత్రం మర్చిపోవద్దు, చేయకపోతే పాత స్థితే కనిపించి తప్పుదారి పడతారు.

దొరికాక పూర్తిగా తీసేయాలని లేదు. ఆ సైట్ తెరిచి ఉండగా ఎక్స్‌టెన్షన్ బొమ్మ మీద నొక్కితే ఆ ఒక్క సైట్‌కి ఆపే బటన్ సాధారణంగా ఉంటుంది. కానీ ఎప్పుడు, ఎవరు వేశారో గుర్తులేని ఎక్స్‌టెన్షన్ కనిపించి, అది "అన్ని వెబ్‌సైట్లలోని మీ డేటా చదవగలదు, మార్చగలదు" అనే అనుమతి తీసుకుని ఉంటే తీసేయండి. మొహమాటం వద్దు. బ్యాంకు పేజీ కూడా ఆ "అన్నీ"లోకే వస్తుంది.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. వీడియో ఆడటానికి ఫ్లాష్ ప్లేయర్ వేసుకోండి అని ఏ సైట్ అడిగినా నమ్మకండి. 2020 డిసెంబర్ 31తో అడోబీ దానికి సపోర్ట్ ఆపేసింది, 2021 జనవరి 12 నుంచి ప్లేయరే ఆడకుండా చేసింది. ఇప్పుడు ఆ పేరుతో వచ్చేది మోసమే.

ఇన్‌కాగ్నిటోలోనూ ఆడకపోతే, మాట వినిపిస్తూ బొమ్మ మాత్రం నల్లగానో పచ్చగానో ఉంటే, క్రోమ్ సెట్టింగ్స్‌లో సిస్టమ్ కింద గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ (పైన చెప్పిన హార్డ్‌వేర్ యాక్సిలరేషనే) ఆపి, బ్రౌజర్ మూసి తెరవండి.

మా పాపకి ఆఖరున క్రోమ్‌లోనే క్లాసుల కోసం ఇంకో ప్రొఫైల్ చేసి పెట్టాను, అందులో ఒక్క ఎక్స్‌టెన్షన్ కూడా లేదు. పరీక్ష అయ్యేదాకా ఫిజిక్స్ అంతా అందులోనే చూసింది. మళ్లీ ఆ విషయంగా ఫోన్ రాలేదు.